ఆసుపత్రి వ్యాను లేవని పొద్దులు

జనవరి 18, 1943. సోమవారం

హారన్ కాదు. నిన్న రాసేటప్పుడు అదేనని ఖాయంగా అనుకున్నాను. ఇవాళ దాని తీగ విప్పి పక్కన పెట్టినా బల్బు వెలుగుతూనే ఉంది. చాలా సన్నగా. షెడ్డు తలుపులు మూసి, నాయనా నేనూ తల మీద దుప్పటి కప్పుకుని చూస్తేగానీ కనిపించదు.

మాన్యువల్ ఇంగ్లీషులో ఉంది కాబట్టి నేను కావలసి వచ్చాను. లేకపోతే నాయన నన్ను షెడ్డులోకి రానివ్వడు. బ్యాటరీకి వచ్చే తీగ ఒకటి విప్పి ఆ సందులో చిన్న బల్బు కట్టాలి. బండిలో అన్నీ ఆపి ఉన్నప్పుడు ఆ బల్బు వెలగకూడదు. వెలిగితే కరెంటు ఎక్కడో కారిపోతున్నట్టు. అప్పుడు స్విచ్చుల బోర్డు మీది తీగలు ఒకటొకటిగా విప్పి చూడాలి. ఏది విప్పితే బల్బు ఆరుతుందో తప్పు అక్కడుంది. నాయన ఈ ముక్క నాతో రెండుసార్లు చెప్పించుకున్నాడు.

కొత్త సంవత్సరం వచ్చాక ఆసుపత్రి వ్యాను లేవకపోవడం ఇది తొమ్మిదోసారి. సాయంత్రం బాగానే ఉంటుంది. తెల్లారేసరికి బ్యాటరీ చచ్చి ఉంటుంది. అంతగా చచ్చాక హ్యాండిల్ తిప్పినా లాభం లేదు, నిప్పురవ్వ పుట్టదు. తోపుడుబండి మీద నూనెమిల్లుకు తీసుకుపోయి, చార్జికి పెట్టి తెచ్చేసరికి మధ్యాహ్నం దాటుతుంది.

షెడ్డు తాళాలు వాచ్‌మన్ ఓబులేసు మామ దగ్గరుంటాయి. ఇంకో జత నాయన దగ్గరుంటుంది. మామ గుమ్మంలో గొంతుకూర్చుని మమ్మల్ని చూస్తూ ఉంటాడు.

"దుప్పటి కప్పుకోని బండికి ఆవిరి పడతన్నారా ఏంది నిత్యానందం? జలుబు చేసిందా దానికి?"

"ఊరుకోవయ్యా సామీ. నువ్వు నవ్వితే నాకు బల్బు కనపడదు."

"నా ఎద్దును చూడు. ఇంత చొప్ప ఏస్తే లేసి నిలబడుద్ది. దానికి ఇంగ్లీషు పుస్తకం చదివే పిల్ల అక్కర్లా."

"నీ ఎద్దు తిరపరాంతకం పోయేసరికి కానుపయ్యి పిల్లకు పేరు గూడా పెట్టేస్తారు."

ఇద్దరూ నవ్వుకున్నారు. తీగలు ఇంకా నాలుగున్నాయి. వ్యాను పగలంతా తిరగాలి కాబట్టి రోజుకు ఒక్కటే చూడటానికి వీలవుతోంది.

ఇది ఇంగ్లీషులో రాస్తే డాక్టరమ్మ చదవగలదు. తెలుగులో రాస్తే అమ్మ చదవగలదు. అమ్మకు తీరిక లేదు. అందుకని తెలుగు.

జనవరి 19

టెయిలు లైటు కాదు.

జనవరి 20, బుధవారం

త్రిపురాంతకం నుంచి ఒకతను సైకిలు మీద తెల్లవారే వచ్చాడు. చెల్లెలు రోశమ్మకు నొప్పులు మొదలై రెండు రోజులైందట. నాయన స్టార్టర్ నొక్కాడు, టక్ మని ఆగిపోయింది. మళ్ళీ నొక్కాడు. ఆ మనిషి వ్యాను బానెట్టు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు, పశువును నిమిరినట్టు. హ్యాండిల్ తిప్పారు. అందరూ కలిసి తోశారు. చివరికి డాక్టరమ్మ జట్కా పిలిపించుకుని వెళ్ళింది.

సాయంత్రం తిరిగి వచ్చింది. రోశమ్మ బతికింది, వార్డులో ఉంది. బిడ్డ లేదు.

డాక్టరమ్మ చేతులు కడుక్కుంటూ నాయనను పిలిచింది. ఆమె ఈ దేశం వచ్చి ఎనిమిది నెలలే అయింది. తెలుగులో "నొప్పి ఎక్కడ", "నాలుక చాపు" లాంటివి వచ్చు. ఇదివరకు గుమాస్తా రాజరత్నం గారు మాట అందించేవారు. యుద్ధానికి భయపడి మా మద్రాసు బడి ఖాళీ చేయించి, నేను ఇంటికి వచ్చిన దగ్గర్నుంచి నాయన నన్నే నిలబెడుతున్నాడు. "నా మాటకు నా కూతురుంది" అంటాడు అందరితో.

"నిత్యానందం, ఇంకొక్క పొద్దు ఈ బండి లేవకపోతే నేను వేరే డ్రైవరును చూసుకోవాలి" అంది ఆమె ఇంగ్లీషులో.

"ఇంకోసారి ఇట్ల కాకుండా చూడమంటన్నారు నాయనా" అని చెప్పాను. అర్థం అదే కదా.

"చూస్తానమ్మా, దేవుని తోడు" అన్నాడు నాయన.

రాజరత్నం గారు అక్కడే ఉన్నారు. ఆయన ఇంగ్లీషులో చాలాసేపు మాట్లాడారు. బండిలో తప్పు లేదనీ, రాత్రిపూట బ్యాటరీని ఎవరో బయటికి ఇస్తున్నారనీ, బజారులో ఎవరింట్లోనో లైసెన్సు లేని రేడియోలో జర్మనీ వార్తలు వింటున్నారని చెప్పుకుంటున్నారనీ, అలాంటి రేడియోకు ఇలాంటి బ్యాటరీయే కావాలనీ. తాళాలు ఇద్దరి దగ్గరే ఉంటాయి అన్నారు. ఆ ఇద్దరు ఎవరో చెప్పలేదు.

"ఏమంటన్నాడు?" అన్నాడు నాయన.

"బ్యాటరీ పాతదయింది అంటన్నారు" అన్నాను.

జనవరి 21

సైడు లైట్లు కాదు.

జనవరి 22, శుక్రవారం

వార్డులో రోశమ్మకు గంజి ఇచ్చి వస్తుంటే వరండాలో డాక్టరమ్మ ఆపింది. జూన్‌లో నన్ను మళ్ళీ మద్రాసు పంపించడానికి ఉత్తరం రాస్తానంది. మా బడికి ఆమె ఉత్తరం లేకుండా కుదరదు. ఉండటానికీ తిండికీ కూడా మిషను వాళ్ళే చూస్తారు. థాంక్యూ చెప్పాను.

తరువాత అడిగింది, మద్రాసు నుంచి వచ్చిన ఆ కొత్త బోర్డు బాగానే పనిచేస్తోందా అని.

బాగానే పనిచేస్తోంది అన్నాను.

జనవరి 23, శనివారం

నాయన పెట్రోలు పొదుపని, మందుల పెట్టెలకు జట్కా మీద రైలు స్టేషనుకు వెళ్ళాడు. ఓబులేసు మామను రాజరత్నం గారు ఆఫీసులోకి పిలిచారు. తాళాలు గుమ్మానికి వేలాడుతున్నాయి. ఒక్కదాన్నే షెడ్డులోకి వెళ్ళాను. దుప్పటి కప్పుకుని బల్బు కట్టాను.

ఇన్నాళ్ళూ ఒక తీగ విప్పి, చూసి, బిగించి, మర్నాడు ఇంకొకటి విప్పుతున్నాం. ఇవాళ హారన్, దీపాలు, ఇంజనుకు పోయేది, అన్నీ విప్పేశాను. బ్యాటరీ నుంచి బోర్డుకు వచ్చే లావు తీగ ఒక్కటే మిగిలింది. అది ఇంకెక్కడికీ పోదు. బల్బు ఆరలేదు.

చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. తరువాత ఆ లావు తీగ కూడా విప్పాను. ఆరిపోయింది. పెట్టాను. వెలిగింది.

అంటే బోర్డే.

బోర్డు సంగతి ఎక్కడా రాయలేదు. రాయాల్సిన అవసరం రాలేదు. ఇప్పుడు రాస్తాను.

డిసెంబరులో బండిలోని పాత స్విచ్చుల బోర్డు వేడికి పగిలింది. మద్రాసుకు రాశారు. యుద్ధం కదా, ఆరు నెలలు పట్టవచ్చని జవాబు వచ్చింది. నాయన అన్నాడు, మార్కాపురంలో ఉండి బోర్డుకు ఏడవడమేంది, పలకతో చేద్దాం అని. అందులో వింత లేదు. మిల్లులో స్విచ్చులన్నీ పలక మీదే ఉన్నాయి. పలకలోంచి కరెంటు పోదని ఇక్కడ చిన్నపిల్లలకు కూడా తెలుసు. మా అమ్మ తమ్ముడు పిచ్చయ్య మామ పలకల గనిలో పని చేస్తాడు. నాయన, నేను అక్కడికి వెళ్ళాం. నేను పారేసిన రాళ్ళ గుట్టలోంచి ఒకటి ఏరాను. నల్లగా, నున్నగా, మధ్యలో సన్నటి బంగారు పోగు లాంటి చార.

"అది పనికిరాదు పిల్లా" అన్నాడు మామ. "ఆ చార కాడ బలపం జారుద్ది. అట్లాంటియి మేం అవతల పారేస్తాం."

"బండేమన్నా అ ఆలు దిద్దుద్దా మామా?" అన్నాను.

మామ పడీపడీ నవ్వాడు. "అదీ నిజమే. చూసినావా బావా, మద్రాసు చదువంటే అది!" అని దాన్నే కోసి బెజ్జాలు వేసి ఇచ్చాడు.

ఇవాళ బోర్డును ఊడదీసి వెలుతురులో చూశాను. బంగారు చార, లావు తీగను బిగించే మర దగ్గర బయలుదేరి, బోర్డును బండి ఇనుముకు బిగించే బోల్టు బెజ్జం దాకా పోయింది. అది రాయి కాదు, ఏదో లోహం. రాత్రంతా కరెంటు దాని మీదుగా నడిచిపోతోంది.

ఇక రెండోది. బోర్డు వేసిన రోజు డాక్టరమ్మ షెడ్డుకు వచ్చింది. ఆసుపత్రి సామాన్లకు నాటు రిపేర్లు చేయకూడదని ఆమె రూలు. ఎప్పుడో ఎవరో స్టవ్ మరమ్మతు చేస్తే అది పేలిందట. "బోర్డు వచ్చిందా?" అని అడిగింది. నాయన, "పలకతో చేయించినానమ్మా, మా బామ్మర్ది చేసినాడు, బాగుండాది" అన్నాడు. నేను, బోర్డు మద్రాసు నుంచి వచ్చింది, నాయన బిగించాడు అని చెప్పాను.

ఎందుకంటే ఆమె అప్పటికే కనుబొమలు ముడివేసింది. అందుకే. పెద్ద కారణం ఏమీ లేదు.

నాయన ఆమెకు తాను ఉన్నదే చెప్పాననుకుంటున్నాడు.

పాత సైకిలు ట్యూబు ముక్క కత్తిరించి బోల్టు బెజ్జంలో చుట్టాను. బోల్టు తల కింద ఒకటి, బోర్డు వెనక ఒకటి. చార ఇప్పుడు రబ్బరు దగ్గర ఆగిపోతుంది. అన్నీ బిగించి బల్బు చూశాను. చీకటి. దుప్పటి కింద ఏమీ లేదు. చేతులు కడుక్కుని ఇంటికి వచ్చాను. ఎవరికీ చెప్పనవసరం లేదు. బండి లేస్తుంది, నాయన పని ఉంటుంది, అంతే.

జనవరి 24, ఆదివారం

మిషను గుళ్ళో రెండు పాటలు పాడాం. ఆసుపత్రి గేటు దగ్గర ఓబులేసు మామ లేడు. నిన్న మధ్యాహ్నమే పనిలోంచి తీసేశారట. ఆయన తాళాలు ఇప్పుడు రాజరత్నం గారి దగ్గర.

జనవరి 25

వ్యాను ఒక్క నొక్కుకు లేచింది. నాయన నా తల మీద చెయ్యి పెట్టాడు. వైర్లన్నీ గట్టిగా బిగించడం వల్లేననుకుంటున్నాడు.

జనవరి 26

లేచింది. అమ్మ పాయసం చేసింది.

రాజరత్నం గారు డాక్టరమ్మతో అన్నారు, చూశారా, వాడు పోయిన రోజు నుంచి బ్యాటరీ నిలబడింది, ఇంతకంటే రుజువు ఏం కావాలి అని.

ఇది నాకు తట్టలేదు. శనివారం రబ్బరు కత్తిరిస్తున్నప్పుడు నిజంగా తట్టలేదు.

జనవరి 27, బుధవారం

లేచింది.

మధ్యాహ్నం ఓబులేసు మామ భార్య యల్లమ్మత్త వచ్చింది. గడప ఇవతలికి రాలేదు. అమ్మ చాప వేసినా మెట్టు మీదే కూర్చుంది.

"నిన్న పోలీసోళ్ళు వచ్చినారు కరుణమ్మా. ఇల్లంతా తిరగేసినారు. గాదె గూడా గుమ్మరించినారు. రేడియో యాడ పెట్టినావు అంటారు. నేను, అదెంత ఉంటదయ్యా, చెప్తే ఎతుకుతా అన్నా. కొట్టబోయినాడొకడు."

"అయ్యో. ఓబులేసన్న?"

"స్టేషన్లో పెట్టినారు. ఆయనకు రేడియో యాడిది? మిల్లు షావుకారు ఇంట్లో ఒక్కసారి చూసినాడంట. ఇంటికి వచ్చి, పెట్టెలో మనిషిని పెట్టినారే, వాడికి అన్నం ఎట్ల పెడతారో అని రాత్రంతా దిగులు పడినాడు." నవ్వబోయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "గోతంలో బరువు మోసకపోతంటే గుమాస్తా చూసినాడంట. పలక పెచ్చులమ్మా అయి. వాకిట్లో పరుచుకోను."

అమ్మ ఏదో అంది. నేను తలుపు వెనక ఉన్నాను.

"పాపను పిలువమ్మా" అంది యల్లమ్మత్త. పిలవకుండానే వచ్చాను. "మణెమ్మా, నీకు వాళ్ళ మాట వచ్చుగదా. శనివారం ఎస్సై ఆయన్ను డాక్టరు దొరసాని దగ్గరికి తీసుకొస్తాడంట. ఆమె ఔనంటే కర్నూలు జైలుకంట. ఆ గుమాస్తా ఆయన మాటను ఎట్ల తిప్పి చెప్తాడో ఎవురికి తెలుసు? నువ్వు నిలబడి ఆయన చెప్పింది చెప్పినట్టు చెప్పు తల్లీ. ఎక్కువొద్దు, తక్కువొద్దు. నీకు పున్యముంటది."

సరే అత్తా అన్నాను.

వెళ్ళేటప్పుడు కొంగులోంచి గుప్పెడు రేగుపళ్ళు తీసి మెట్టు మీద పెట్టింది. అమ్మ వద్దంటే వినలేదు.

జనవరి 28

లేచింది.

నేను చెప్పకపోయినా ఓబులేసు మామ తప్పు లేదని తేలే దారి ఒకటుంది. రబ్బరు తీసేస్తే చాలు. రేపు పొద్దున బ్యాటరీ మళ్ళీ చస్తుంది. ఆయన స్టేషన్లో ఉండగా చచ్చింది కాబట్టి ఆయన కాదు. మద్రాసు మాట ఎవరూ ఎత్తరు. లెక్కలో మెట్లలాగా ఉంది, ఎక్కడా తప్పు కనబడటం లేదు.

జనవరి 29, శుక్రవారం

తప్పు కనబడింది. అదే పొద్దున ఎవరైనా సైకిలు మీద వస్తే?

ఒక్క పొద్దుకు ఎవరూ రారులే అనుకున్నాను. సాయంత్రం దీపాల వేళకు ముందే షెడ్డుకు వెళ్ళాను. బోల్టు సగం తిప్పాను. వార్డు కిటికీ షెడ్డు వైపే ఉంది. రోశమ్మ అక్కడ కూర్చుని జుట్టు చిక్కు తీసుకుంటోంది. నన్ను చూసి చెయ్యి ఊపింది. నేను కూడా ఊపాను. పానా చేతిలో ఉంది.

"ఏం చేస్తన్నావు?"

వెనక నాయన.

చెప్పాను. మొదట చార, తరువాత రబ్బరు, తరువాత ఇవాళ ఏం చేయబోయానో. మద్రాసు సంగతి చివర చెప్పాను. చివర చెప్తే చిన్నదిగా ఉంటుందనుకున్నాను.

నాయన వ్యాను మెట్టు మీద కూర్చున్నాడు. కొడతాడేమోననుకున్నాను. ఎప్పుడూ కొట్టలేదు.

"నేనేమన్నా ఆ రోజు?"

"పలకతో చేయించినాను అన్నావు."

"నువ్వేం చెప్పినావు?"

"మద్రాసు నుంచి వచ్చింది అని."

"నా ఎదురుగానే."

"ఆ."

"నేను గూడా తల ఊపినానా?"

"ఊపినావు. నవ్వినావు గూడా."

నాయన తన చేతుల్ని చూసుకున్నాడు. ఆ రోజు నవ్విన ముఖాన్ని గుర్తు చేసుకుంటున్నాడనిపించింది. "ఇంకెన్ని చెప్పినావు ఇట్ల?"

వేరే డ్రైవరును చూసుకుంటానన్న మాట చెప్పాను. రాజరత్నం గారి రేడియో మాట చెప్పాను. తాళాలు ఇద్దరి దగ్గరున్నాయన్న మాట కూడా. ఇంకా చిన్నవి కొన్ని ఉన్నాయి, అవీ చెప్పాను. చెప్తూ పోతే చాలా ఉన్నాయి.

"నిన్ను భయపెట్టడం ఎందుకని నాయనా" అన్నాను.

"భయం నీదా నాదా?"



నాయన లేచి నా చేతిలోంచి పానా తీసుకుని బోల్టు తిరిగి బిగించాడు. రబ్బరు సరిగ్గా కూర్చుందా అని వేలితో చూశాడు. "పొద్దున బండి లేవాల. ఎవరొస్తారో తెలీదు" అన్నాడు. "మీ మామను అడిగి ఇంకో పలక తెస్తా, చార లేనిది. అది బిగించి దీన్ని తీసకపోయి దొరసానికి చూపిస్తా. బల్బు కట్టి చూపిస్తే ఎలుగుద్ది. దానికి ఇంగ్లీషెందుకు?"

"మద్రాసు సంగతి?"

"అది బల్బు చెప్పదు" అన్నాడు.

అమ్మకు ఏమీ చెప్పలేదు. అన్నం తిన్నాడు. వెంటనే పలక కోసం పిచ్చయ్య మామ ఇంటికి బయలుదేరాడు.

జనవరి 30, శనివారం

వ్యాను లేచింది. కొత్త పలక నల్లగా, ఏమీ లేకుండా ఉంది. నాయన పొద్దున్నే మార్చాడు, నన్ను పిలవకుండా.

చార ఉన్న బోర్డును గుడ్డలో చుట్టుకుని, ఒక పాత బ్యాటరీ, తీగ, బల్బు తీసుకుని ఎనిమిదింటికి ఆసుపత్రికి వెళ్ళాడు. నన్ను రమ్మనలేదు. వద్దనీ అనలేదు. ఎస్సై జట్కా మా కిటికీ ముందు నుంచే పోయింది. ఓబులేసు మామ వెనక కూర్చున్నాడు. తలకు గుడ్డ లేదు. ఆయనను గుడ్డ లేకుండా ఎప్పుడూ చూడలేదు, సగం జుట్టు తెల్లబడింది.

డాక్టరమ్మకు చెప్పాల్సింది ఇంగ్లీషులో మూడుసార్లు రాసి చించాను. మొదటిసారి రాసిన దాంట్లో పొరపాటున అన్నట్టు వచ్చింది. పొరపాటు కాదు. రెండోసారి ఏడుపుగొట్టుగా వచ్చింది. మూడోసారి నాలుగు వాక్యాలే. బోర్డు ఇక్కడి పలక. నాయన మీకు అప్పుడే చెప్పాడు. మద్రాసు అన్నది నేను. బండిలో తప్పు పోయిన శనివారం నాకు తెలిసింది, ఓబులేసుకు సంబంధం లేదు.

ఇది చెప్తే జూన్ ఉత్తరం రాయదు. రాయకపోవచ్చు. రాయదు.

నాయన పని కూడా పోవచ్చు, నాటు రిపేరు నాటు రిపేరే కదా. అది కూడా తెలుసు నాయనకు. తెలిసే గుడ్డలో చుట్టుకుని వెళ్ళాడు.

చదివి చూసుకున్నాను. నాలుగు వాక్యాలూ సరిగ్గానే ఉన్నాయి. అయితే ఇక్కడ కూర్చుని రాయడం వేరు, అక్కడ ఆమె కనుబొమల ముందు

తలుపు కొడుతున్నారు. అమ్మ పెరట్లో ఉంది. నాయన కొట్టుడు కాదు ఇది.

"అమ్మాయ్! మణీ! ఇంట్లో ఉండావా?" రాజరత్నం గారు. "దొరసాని పిలస్తన్నాది. మీ నాయన రాయి ఒకటి పట్టుకోని ఎస్సై ఎదురుగా నిలబడినాడు. నేను ఇంగ్లీషులో చెప్తానయ్యా అంటే ఒప్పుకోడు. నా కూతురు వచ్చి చెప్పాల, అందాక నోరు తెరవను అంటాడు. తొందరగా రా తల్లీ, అందరూ నిలబడుకోనుండారు!"

వస్తున్నానండీ అన్నాను. మొదట మద్రాసు మాట చెప్పాలి, పలక తరువాత. మళ్ళీ కొడుతున్నారు. ఈ కాగితాలు దిండు గలీబులో దాచి